మూడో సీటు

బండిలో నా సీటు మూడోది.
వెనక తలుపు పక్కన, ఆక్సిజన్ సిలిండరుకి మోకాలు తగిలే చోట.
జేబు మీద పసుప్పచ్చ పట్టీ, నేర్చుకుంటోంది అని.
అంటే, చెప్పందే చెయ్యి పెట్టకు,
చెప్పాక ఆలస్యం చెయ్యకు,
భయమేస్తే కిటికీ వైపు తిరిగి భయపడు.
మొదటి రెండూ క్లాసులో చెప్పారు.
మూడోది పూంగుళలి అక్క చెప్పింది.

రెండు రాత్రుల్లో నేను చేసిందేమీ లేదు.
గ్లౌజుల పెట్టె నింపాను, ఎవరిదో వాంతి కడిగాను,
రాయపురంలో తెగిన వేలొకటి
కవర్లో కట్టి ఐసు మీద పెట్టిస్తే
స్టాన్లీ దాకా ఒళ్ళో పెట్టుకు కూచున్నాను.
మనిషి ముఖం గుర్తులేదు.
గోటికింద చేప పొలుసు గుర్తుంది.

మూడో రాత్రి, రెండూ ఇరవైకి, కొరుక్కుపేట.
పాత క్వార్టర్సు, రెండో అంతస్తు, మెట్లమీద దీపం లేదు.
మంచం అంచున ముసలాయన,
మోకాళ్ళ మీద చేతులానించి
గాలిని లోపలికి లాక్కుంటున్నాడు,
బావిలో పడ్డ బిందెకోసం
పాతాళగరిగె తిప్పుతున్నట్టు.
మెట్టు తప్పి నేనన్న "ఓరి నాయనో" విన్నాడు కాబోలు,
"మనోళ్ళ పిల్లేనా? ఏవూరు?"
నగరి అన్నాను.
"న," అని ఊపిరి తీసుకుని, "గరి," అన్నాడు.

పేరు అంకయ్య.
ముప్పై ఏడేళ్ళు ఈ నగరాన్ని ఊడ్చిన మనిషి.
ఊడ్చిందంతా కుప్పకే పోలేదు.

బండి కదిలి నాలుగు వీధులు దాటిందో లేదో
గేటు పడింది. గూడ్సు.
ఏళుమలై అన్న సైరన్ ఆపేశాడు,
రైలుకి చెవులుండవు అని.

క్లాసులో నేర్పిన చిన్న దొంగతనం ఒకటుంది.
ఊపిరి లెక్కపెడుతున్నామని మనిషికి తెలియకూడదు,
తెలిస్తే ఊపిరి వేషం కడుతుంది.
అందుకని మణికట్టు పట్టుకుని, నాడి చూస్తున్నట్టే ఉండి
ఓరగా ఛాతీ వంక చూడాలి, అర నిమిషం.
పదహారు దగ్గరుండగా మాస్కు లోపలినుంచి
"చెయ్యేమో... నాడి మీద.
కళ్ళేమో... నా జేబు మీద.
అందులో ఏం లేదు పిల్లా."

మూడు రాత్రుల్లో మొదటిసారి అక్క నవ్వింది,
తెలుగు రాకపోయినా.

"నాయి లెక్కబెడితే... నాకు బయ్యం.
పెట్టెలు లెక్కబెట్టు. పైకి."

వెనకద్దానికి అతికించిన కాగితం ఒక మూల చిరిగి
జానెడు సందుంది.
అందులోంచి చీకటి మీద చీకటిగా పెట్టెలు.
ఒకటి, అన్నాను. లోపలికి తీసుకున్నాడు.
రెండు. పొయ్యి ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి వదిలాడు.
మూడు. నాలుగు.
మందు పొగ మాస్కు అంచున తెల్లగా లేస్తోంది.
వేలికున్న యంత్రంలో ఎనభై ఒకటి.
పద్దెనిమిది. పందొమ్మిది. ఎనభై నాలుగు.
ముప్పైకి నా గొంతు నాదిలా లేదు,
ఎవరో పిల్లలకి ఎక్కాలు చెబుతున్నట్టుంది.
ఎనభై ఎనిమిది.
చాలు, ఈయనకి అంతకు మించి ఆశ పడొద్దు,
అని అక్క మీట కొంచెం తగ్గించింది.

గేటు లేచింది.

ఆసుపత్రి వరండాలో కాగితం నింపాను.
వచ్చినప్పుడు ఊపిరి ముప్పై రెండు.
దారిలో ఆగింది ఏడు నిమిషాలు. కారణం, రైలు.
స్ట్రెచరు మలుపు తిరిగేచోట ఆయన మాస్కెత్తి
"ఎన్నొచ్చినై?"
"నలభై ఒకటి తాతా."
"నలభై రెండు. ఇంజన్ని వదిలేసినావు."
వార్డుబాయి మాస్కు దించేశాడు.
తలుపు రెక్కలు రెండుసార్లు ఊగి ఆగాయి.

పరుపు తుడిచాను. గొట్టం మార్చాను.
మింటు దగ్గర టీ కొట్లో నిలబడి
ఏళుమలై అన్నకి ఇదంతా చెబితే,
సగం గ్లాసు తాగేదాకా ఆలోచించి
"కడాసిన గార్డు పెట్టె ఉంటుందే, అదీ?" అన్నాడు.

అది ఆయనా లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు.